హన్నమ్మ గారి జాడీ

సైకిలు వెనక క్యారియర్ మీద కూర్చుంటే తిరువూరు తన కోసమే మెల్లగా కదులుతున్నట్టుంది ప్రేమావతికి. మంచులో మామిడి పూత వాసన, ఎక్కడో బస్సు హారను, మోచేతి దాకా కొత్త గాజులు. బి.ఏ. చదివిన పిల్ల, చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా పట్టుకుని తనలో తనే నవ్వుకుంటోంది.

ముందు కూర్చుని తొక్కుతున్న దేవానందం మాత్రం నవ్వడం లేదు.

"ఇవాళ సంస్కారపు ఆదివారం. నేను లేవను ప్రేమా."

గుడిలో అందరూ లేచి ముందుకెళ్ళి, ప్రభువు గుర్తుగా రొట్టె ముక్క, గిన్నెలో ద్రాక్షరసం పుచ్చుకునే రోజది. అతను ఎందుకు లేవనన్నాడో ఆమెకు అర్థమైంది. పెళ్ళిచూపుల్లోనే అతను అన్నీ చెప్పాడు. టీచరు ట్రైనింగులో అలవాటైన సారా తనను ఆసుపత్రి మంచం దాకా ఎలా ఈడ్చిందో, అక్కడ తెల్లగోడ మీద లేని చీమలు ఎలా పాకాయో చెబుతుంటే టీ చల్లారిపోయింది. ఒక్క గుక్క పడినా మళ్ళీ మొదటికే వస్తావంది డాక్టరమ్మ. ఆ చల్లారిన టీని అతను గటగటా తాగేసినప్పుడే ప్రేమావతి మనసులో సరేననుకుంది.

"ఆ రసానికి మన పక్కింటి హన్నమ్మ గారే ఎండుద్రాక్షని జాడీలో పులియబెడతారు. ఆ గిన్నె వాసనకే నేను ఆగలేనేమో."

"గుడి అయ్యగారితో చెప్పకూడదూ?"

"మాస్టారు తాగుబోతని తెలిస్తే బడికి పిల్లల్ని ఎవరు పంపుతారు? కూర్చుండిపోతే ఎవరితోనో గొడవపడ్డాడనుకుంటారు, అంతే."

ఎవరి మీదైనా కోపం ఉన్నవాళ్ళు ఆ గిన్నె ముట్టకూడదని ఆ గుడిలో పట్టింపు.

పాట మొదలైంది. మగవాళ్ళంతా లేచి ముందుకు కదిలారు. చాప మీద దేవానందం ఒక్కడే, ఏటి మధ్య రాయిలా మిగిలాడు. చేతులు మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. తలలు అటు తిరిగాయి. ఆడవాళ్ళ వంతు వచ్చింది. ప్రేమావతి లేవబోయి, ఆ దాచుకున్న చేతుల్ని చూసి, అలాగే కూర్చుండిపోయింది. కిటికీలోంచి పడిన ఎండ ముక్క ఆమె గాజుల మీద ఆడుతోంది. ఎందుకో అంతమందిలో అతని పక్కనే కూర్చున్నట్టుంది.

గుడి బయట తోటి సంఘస్థుడు లాజరు నవ్వాడు. "ఏం మాస్టారూ, కూరలో ఉప్పెక్కువైందా?"

సాయంత్రం హన్నమ్మ కోడికూర గిన్నె పట్టుకుని రానే వచ్చింది.

"ఏంటమ్మాయ్, పారాణి ఆరకుండానే పోట్లాటా? అలిగింది నువ్వా, ఆయనా?"

ప్రేమావతి నవ్వు బిగబట్టింది. "సినిమాకి తీసుకెళ్ళలేదు పెద్దమ్మా."

"ఏం బాబూ, చదువుకున్నోడివి, ఆ మాత్రం తెలీదా? కొత్త పెళ్ళాన్ని ఇంట్లో కూర్చోబెట్టి పాఠాలు చెబుతావా?"

దేవానందం భార్య వైపు చూశాడు. తన కోసం హాయిగా అబద్ధమాడి, చివాట్లు కూడా తనకే పెట్టిస్తోంది. అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మాట బయటపడింది.

"గొడవేం లేదు పెద్దమ్మా. నాకు ఒకప్పుడు తాగుడుండేది. మానేశాను. మీ గిన్నె ముట్టుకుంటే మళ్ళీ మొదలవుతుందని భయం."

హన్నమ్మ కూరగిన్నె మీద మూత సర్దింది. మళ్ళీ సర్దింది.

"ఇన్నాళ్ళూ నా జాడీ మంచిదనే అనుకున్నాను," అంది చివరికి. "ఇకనుంచి పులవనివ్వను. ముందురోజు ఉడకబెట్టి వడగడతా. ఎవరన్నా అడిగితే జాడీ పగిలిందంటా."

"అబద్ధం కదా పెద్దమ్మా," అంది ప్రేమావతి.

"నీకంటే బాగా ఆడగలను గానీ, ఎందుకులే. నిజంగానే పగలగొడతా."

దీపాలు పెట్టే వేళకి పక్క పెరట్లో భళ్ళున చప్పుడైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. అంతలో గోడ మీదుగా గాలి ఒకటి, తియ్యగా పుల్లగా, గదిలోకి వచ్చింది. దేవానందం నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి కిటికీ రెక్కలు మూశాడు. గడియ రెండుసార్లు జారిపోయింది.

ప్రేమావతి వచ్చి, గాజులు గలగలమంటుండగా, అతని చేతి మీద చెయ్యి వేసి గడియ పెట్టింది.