కొత్త డబ్బాలు

రిటైరైన తొమ్మిదో రోజున స్టోర్‌కీపర్‌గారు వంటింటి మీద పడ్డారు. ముప్ఫయ్యారేళ్లు ఫ్యాక్టరీ గోదాములో నట్లూ బోల్టులూ వరస పెట్టిన మనిషి ఊరికే కూర్చోమంటే కూర్చుంటాడా? పేపరు రెండుసార్లు చదివారు, ఫ్యాన్లన్నీ తుడిచారు, ఇక ఇంట్లో మిగిలింది భార్య సర్దుకున్న గూళ్లే.

ఆవిడ కూరగాయలు తెచ్చుకునేసరికి పని పూర్తయిపోయింది. సొట్టపోయిన డబ్బా, మూత వదులైన టిన్ను, మెడ పొడుగు సీసా, అన్నీ పాతసామాన్లవాడి బండెక్కేశాయి. గూట్లో ఒకే ఎత్తు, ఒకే లావు కొత్త డబ్బాలు ఇరవై నాలుగు. ప్రతిదానికీ ఒక చీటీ.

"చూశావా? ఇప్పుడెవరొచ్చినా అర నిమిషంలో దొరుకుతుంది," అన్నారాయన.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో ఆ వంటింట్లోకి ఇంకెవరొచ్చారు గనక?

అసలు సంగతి ఆయనకు తెలియదు. రెండేళ్లుగా ఆవిడ చూపుకు నడిమధ్యన మసక పట్టింది. అంచులు కనిపిస్తాయి, అక్షరాలు కనిపించవు. పోయిన చూపు తిరిగి రాదని కళ్లడాక్టరు చెప్పేశాడు. ఆ మాట పక్కింటి వదినకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే తనను కుర్చీలో కూర్చోబెట్టి పొయ్యి దగ్గరికి రానివ్వరని ఆవిడ భయం. అందుకే సొట్టను బట్టి ఉప్పు, వదులు మూతను బట్టి పంచదార, ఇలా చేతులతోనే నెట్టుకొచ్చింది. ఆ గుర్తులన్నీ ఈ మహానుభావుడు ఒక్క పూటలో తూకానికి వేసేశారు.

సాయంత్రం టీలో ఉప్పు పడింది.

ఆయన ఒక గుక్క తాగి కప్పు ఠక్కున బల్ల మీద పెట్టారు. "అంతంత అక్షరాలతో రాశాను కదా. చదివి వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"చదవలేను."

"కళ్లజోడు పెట్టుకో."

"పెట్టుకున్నా చదవలేను. రెండేళ్లయింది."

ఆయన ముఖం ఎలా అయిందో ఆవిడకు కనిపించలేదు. కుర్చీ కిర్రుమనడం మాత్రం వినిపించింది.

"రెండేళ్లా? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"ఎప్పుడు చెప్పమంటారు? పొద్దున్నే వెళ్లి పొద్దుపోయాక వచ్చేవారు. సెలవు రోజున కూడా గోదాము కబుర్లే. ఒక్కసారి నా మొహం వంక చూసుంటే మీకే తెలిసేది."

ఆయన ఉప్పు టీ కప్పును పక్కకు జరిపారు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, "సర్లే, రేపట్నుంచి వంట నేను చూసుకుంటాను. నువ్వు హాయిగా కూర్చో," అన్నారు.

ఏ మాట వినాల్సి వస్తుందని ఆవిడ రెండేళ్లు హడలిపోయిందో ఆ మాటే అది. విన్నాక భయం పోయింది, కోపం మిగిలింది.

"నన్ను రిటైర్ చెయ్యడానికి మీరెవరండీ? నేనేమన్నా దరఖాస్తు పెట్టుకున్నానా? ఊరికే కూర్చోవడం మీకు తొమ్మిది రోజులు చేతకాలేదు. నన్నేమో బతికున్నన్నాళ్లూ కూర్చోమంటున్నారు."

ఆవిడ సొరుగులోంచి రబ్బరు బ్యాండ్లు గుప్పెడు తీసి బల్ల మీద పడేసింది.

"ఉప్పుకి ఒకటి. పంచదారకి రెండు. మిరియాలపొడికి మూడు. తొడగండి."

తొడిగారు. తొడిగి లేవబోతే ఆవిడ లేవనివ్వలేదు.

"కళ్లు మూసుకోండి. ఇదేంటో చెప్పండి."

ఆయన తడిమారు. తిప్పి తిప్పి తడిమారు. చివరికి, "పంచదార," అన్నారు.

"మిరియాలపొడి. మళ్లీ పట్టుకోండి," అంది ఆవిడ. "అన్నీ సరిగ్గా చెప్పేదాకా ఈ ఇంట్లో టీ లేదు."