సున్నం చుక్క

మైకు హారను మెడకు కట్టిన తాడును ఆంజినమ్మ మూడోసారి లాగి చూసింది. మొదటి రెండుసార్లూ ముడి బిగువుగానే ఉంది. నీళ్ల ట్యాంకు ఇనుప మెట్టుకు మోకాలు ఆనించి, కొంగు నడుముకు దోపి, పళ్ల మధ్య పట్టుకున్న టేపు ముక్కతో తీగల కొనలు కలిపి చుట్టింది. అరవై మూడేళ్ల చేతులు. బొటనవేళ్ల చివర్లు చెక్కలా గట్టిపడి, తీగ గుచ్చుకున్నా తెలియనట్టుగా ఉన్నాయి. తెల్లవారినుంచి ఎడమ భుజం బరువుగా ఉంది. ఆంప్లిఫైరు పెట్టె ఆ వైపునే మోసింది కదా, అందుకేననుకుంది.

"అవ్వా, ఆ గొట్టం మా ఇంటి తట్టు తిప్పొద్దవ్వా." కింద ఈశ్వరి, ఇవాళ ఉయ్యాల తొట్లలో వేయబోయే మూడు నెలల బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఇరవై ఏళ్లు దాటాయో లేదో. రాత్రి నిద్ర లేని కళ్లు. "నిన్నటి నుంచీ వీనికి ఒళ్లు ఎచ్చగా ఉండాది. ఉలిక్కిపడతాడు."

"తొట్లు వానికే గదమ్మే. వానికి ఇనపడకుంటే ఎవురికి ఇనిపించాల?"

"ఊరికి ఇనిపించు."

ఆంజినమ్మ హారను మూతిని శనక్కాయ చేల వైపు తిప్పింది. "చేలు ఇంటాయిలే. ఈ ఏడు వాటికీ ఏం పని లేదు."

కిందికి దిగి ముందుగా చూసింది పెట్టె మూత మీది తాడును. ముడి కొస ఎడమకు ఉండాలి. ఎడమకే ఉంది, ఎవరూ విప్పలేదు. అప్పుడు నుదురు తుడుచుకుంది.

ఆంజినమ్మ ఎవరినీ నమ్మదని కంబదూరు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. ఎంత పెద్ద విందయినా పెట్టె పక్కన కూర్చునే తింటుంది. తాగేది తన సీసాలో నీళ్లే. దగ్గర్లో ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే పాట సౌండు తగ్గించి వింటుంది. పడమట మబ్బు కమ్మినా నమ్మదు. "అది కదిరికి పోయే మబ్బు" అంటుంది. ఆ ఒక్క విషయంలో ఆమె మాట తప్పయిన ఏడాది తక్కువ. ఈ ఆగస్టులోనూ అంతే. శనక్కాయ ఊడలు భూమిలోకి దిగే వేళకు నేల గట్టిపడిపోయింది.

ఇప్పుడు ఏ ఇంట్లో ఏం జరిగినా కళ్యాణదుర్గం నుంచి మనిషెత్తు సౌండు డబ్బాలు వస్తాయి, రంగు దీపాలతో సహా. అయినా ఆంజినమ్మను పిలవక తప్పదు. ఒక్క రికార్డు కోసం. పొద్దున మైకు బిగించగానే దాన్ని ఒకసారి వేస్తుంది. అది విన్నవాళ్లు ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఆకులు వేశాక రెండోసారి వేస్తుంది. అప్పుడు చేలల్లోంచి, పక్క పల్లెల్లోంచి జనం లేచి వస్తారు. ఇంటింటికీ తిరిగి భోజనానికి పిలిచే పని ఎవరికీ ఉండదు. రెండోసారి వినపడకముందే వచ్చి కూర్చున్నవాణ్ణి ఆశపోతు అని ఏడాదంతా ఎగతాళి చేస్తారు.

మాటలు లేని పాట అది. ఒకే ఒక బూర. దరువు కంటే ఒక అడుగు వెనకబడి, ఎటో చూసుకుంటూ నడుస్తున్నట్టు పోతుంది. తప్పిపోయింది అనుకునేలోపు మలుపు తిరిగి దరువును కలుసుకుంటుంది. మిగతా పాటలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయి. ఇది మాత్రం ఎక్కించనివ్వలేదు. సెల్లుల్లోకి పోతే ప్రతి పిల్లోడూ జేబులోంచి తీసి వేస్తాడు. ఇక తనను ఎవరు పిలుస్తారు?

రికార్డు ఆమె భర్త కుళ్లాయప్పది. పెళ్లికి ముందు అతడు గుంతకల్లులో రైల్వే వాళ్ల క్లబ్బులో మైకులూ దీపాలూ చూసేవాడు. అక్కడి నుంచి తెచ్చుకున్నాడు. పెళ్లయిన మరునాడు కొత్త పెళ్లాం ముందు వేశాడు. మొదట ఒక ఆడమనిషి నవ్వు వినిపించింది. చిన్నది. ఆ తర్వాత బూర.

"ఎవురామె?" అని అడిగింది పదహారేళ్ల ఆంజినమ్మ.

"బూర ఊదే ఆమె. ఐరిస్సమ్మ. రైలు డ్రైవరు కూతురు. నాకిది ఇచ్చింది ఆమే."

"ఆడది బూర ఊదుతాదా?"

"ఊదుతాది."

ఆమె మళ్లీ అడగలేదు. అబద్ధం చెప్పేవాడు కాస్త నమ్మేటట్టు చెప్పొచ్చు కదా అని మాత్రం అనుకుంది. ఆపైన పాతికేళ్లు ప్రతి పెళ్లిలో, ప్రతి తొట్లలో ఆ నవ్వు ఊరంతా వినేటట్టు ఆమె నెత్తి మీదుగా పోయింది. అతడు ముల్లు దించే ప్రతిసారీ ఆమె రికార్డు వైపు చూసేది కాదు. అతని ముఖం చూసేది. అందులో ఏమీ కనిపించేది కాదు. అది ఇంకా అనుమానంగా ఉండేది.

కుళ్లాయప్ప పోయాక మైకు సెట్టు ఆమె చేతికొచ్చింది. ఆడది ట్యాంకెక్కి హారను కడుతుందా అని నవ్వినవాళ్లు ఉన్నారు. కట్టింది. మొదటి రోజే తమలపాకు సంచిలోని సున్నం వేలికి తీసుకుని రికార్డు అంచున ఒక చుక్క పెట్టుకుంది. ఆ చుక్క నుంచి ఆవగింజంత లోపలికి ముల్లు దించితే నవ్వు దాటిపోతుంది, నేరుగా బూరే. చుక్క చెరిగినప్పుడల్లా మళ్లీ పెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఆ నవ్వు ఎవరూ వినలేదు.

పదకొండు గంటల బస్సుకు ఆనంద్ దిగాడు. దూరం నుంచే నడకను బట్టి గుర్తుపట్టి ఆంజినమ్మ రికార్డును ఒడిలోకి లాక్కుంది. మడకశిర పిల్లోడు, బెంగుళూరులో ఉద్యోగం, పాత రికార్డులు ఏరుకోవడం అతని పిచ్చి. ఇంతకుముందు రెండుసార్లు ఇంటికొచ్చాడు. మొదటిసారి రికార్డు పగిలిపోయిందని చెప్పింది. రెండోసారి ఎలుకలు కొరికాయని చెప్పింది.

"ఎలుకలు కొరికిన రికార్డు పొద్దున మోగిందంట గదమ్మా. బస్సులో అందరూ అదే చెప్తాండారు" అన్నాడు, చెప్పులు విడిచి నేల మీద కూర్చుంటూ.

"ఎలుకలకు పండ్లు లేవులే. నీకేం కావాలప్పా?"

"వింటా. అంతే."

"ఇనేదానికి బెంగుళూరు నుంచి వస్తారా ఎవురన్నా?"

అతని చొక్కా జేబులో సెల్లు ఉంది. ఆంజినమ్మ మాట్లాడుతున్నంతసేపూ దాన్నే చూస్తోంది. ఆనంద్ సంచిలోంచి ఒక రికార్డు తీశాడు. అదే సైజు, మధ్యలో అదే ఎర్ర కాగితం. అంచు మాత్రం కొరికిన రొట్టెలా విరిగిపోయి ఉంది.

"ఆదివారం పాత సామాన్ల అంగట్లో దొరికిందమ్మా ఇది. ఇంట్లో వేస్తే వంటింట్లోంచి మా అమ్మ, 'కంబదూరు మైకు గదా, ఆకులు ఏసినారా' అనింది. మా అమ్మ పుట్టినూరు ఈడికి దగ్గరే. అట్లా నీ కాడికి వచ్చినా." అతడు ఎర్ర కాగితం మీది అక్షరాల కింద వేలు పెట్టాడు. "జాజ్ అంటారు ఈ పాటను. ఊదింది సిరిల్ అని రాసినారు. ఆయన కాదంట. రుజువు ఈ విరిగిపోయిన కాడ ఉండాది. మొదట్లో ఒక నవ్వు ఉంటాదంట."

ఆంజినమ్మ చెయ్యి రికార్డు మీద ఆగిపోయింది. ఇరవై రెండేళ్లు సున్నం కింద దాచిన సంగతి ఈ పిల్లోడి నోట్లోకి ఎట్లా వచ్చింది?

"నవ్వు సంగతి నీకెవురు చెప్పినారు? మా ఆయన ఎవురికి చెప్పినాడు?"

"మీ ఆయన ఎవరో నాకు తెలీదమ్మా. సిరిల్ కూతురు బెంగుళూరులో ఉండాది, ఆమె చెప్పింది. ఊదింది వాళ్ల అత్తంట, ఐరిస్ అని. ఆడది ఊదిందంటే ఎవరూ కొనరని అన్న పేరు ఏసినారంట. ఆమె పోయి తొమ్మిదేండ్లయింది. పెండ్లి చేసుకోలేదు. ఒక బళ్లో పిల్లోళ్లకు పాటలు చెప్తాండె. బూర ఊదుతాదని ఆ బళ్లో ఒక్కరికీ తెలీదు. ఇట్లాంటోళ్లు శానామంది ఉండారమ్మా. రికార్డు మీద పేరు లేకుండా పోయినోళ్లు."

"ఇప్పుడు పేరు తెలిస్తే ఏమైతాది?"

ఆనంద్ విరిగిన రికార్డు అంచును వేలితో తడిమాడు. "ఏమీ కాదమ్మా."

ఆంజినమ్మ అతని ముఖంలోకి వెతుకుతున్నట్టు చూసింది. మోసం చేసేవాడు ఇంతకంటే మంచి జవాబు తెచ్చుకుని వస్తాడు.

"అక్కా!" ఇంటి ముందు నుంచి ఓబుళేసు కేకేశాడు. ఈశ్వరి మామ అతడు. "ఆకులు ఏసి అర్ధగంటాయ. సంగటి రాయైపోతాండాది. రికార్డు ఎయ్యక్కా. నువ్వు ఎయ్యకుంటే ఒక్కడూ రాడు."

"ఎయ్యలేదని నాకు తెలీదా?"

"తెలిస్తే ఎయ్యి మల్ల. నెలబిడ్డ మాదిరి ఒళ్లో పండుకోబెట్టుకుంటివి."

వేస్తే పాట ఆ జేబులోకి పోతుంది. వేయకపోతే వండిందంతా పారబోయాలి. ఆంజినమ్మ ఒడిలోని రికార్డును తిప్పి, అంచున పొద్దున పెట్టిన సున్నం చుక్కను చూసింది. సీసా మూత తీసి కొంగు తడుపుకుంది. చుక్కను తుడిచింది. రికార్డును తిరిగే పళ్ళెం మీద పెట్టి, "ఆ సెల్లు బయటికి తియ్యి" అంది.

ఆనంద్ తీసి ఆమె ముందర నేల మీద పెట్టాడు.

"దాన్లో యాడ నొక్కుతావో నొక్కు."

ముల్లును అంచు మీదే దించింది. హారనులోంచి కరకరమని చప్పుడు వచ్చింది. తర్వాత నవ్వు. ఎండిన చేల మీదుగా, కరెంటు తీగల కిందుగా, ఎక్కడా తగలకుండా పోయింది. ఇప్పుడు చూడడానికి కుళ్లాయప్ప ముఖం లేదు. అందుకని ఆంజినమ్మ విన్నది. నవ్వు పూర్తి కాలేదు. సగంలో ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు. ఆ ఊపిరే బూరగా బయటికి వచ్చింది. నవ్వుకూ బూరకూ మధ్య ఇంకో మనిషి దూరేంత సందు లేదు. పాతికేళ్లు నవ్వు మొదలయ్యే చోటు ఒక్కటే ఆమె విన్నది. ఆగిపోయే చోటు వినలేదు.

బిడ్డ చెవులు మూసిన చేతులతోనే ఈశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "ఎవురవ్వా నవ్వింది?"

"బూర ఊదే ఆమె." ఆంజినమ్మ ముల్లు మీది నుంచి చూపు తీయలేదు. "మా ఆయనకు తెలిసినామె."

చేల గట్ల మీద మనుషులు లేచి వస్తున్నారు. పాట అయిపోయాక ఆమె ముల్లు ఎత్తింది.

"పట్టుకుంటివా?"

"పట్టుకున్నానమ్మా."

"నవ్వు కోసేసి బూర ఒక్కటే పెట్టుకోవద్దు."

"కోయను."

"కోస్తావేమో, నాకేం తెలుసు." తర్వాత తీగను సర్దుతూ, అతని వైపు చూడకుండా అడిగింది. "ఆ సిరిల్ కూతురు ఏమన్నా చెప్పిందా? క్లబ్బులో మైకులు కట్టే పిల్లోని గురించి?"

"అడగలేదమ్మా. అడిగి ఫోను చేస్తా."

"వద్దులే."

మూడు గంటల బస్సుకు ఆనంద్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు వంగి రికార్డును చూశాడు, ముట్టుకోలేదు. బస్సు లేపిన ఎర్ర దుమ్ము చాలాసేపు అట్లాగే నిలబడింది. విందు తిన్నవాళ్లు దొరికిన నీడలో వాలిపోయారు. ఆంజినమ్మ ట్యాంకెక్కి హారను దించుకుంది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎప్పుడూ ముందుగా రికార్డును భర్త పంచె ముక్కలో చుట్టేది. ఇవాళ దాన్ని చివరికి ఉంచింది. ఆటో ఐదింటికి వస్తుంది.

నాలుగున్నర దాటాక ఈశ్వరి మజ్జిగ చెంబుతో వచ్చింది. "అవ్వా, బిడ్డకు జరం తగ్గి ఒళ్లు చల్లబడింది" అంది దూరం నుంచే. ఆంజినమ్మ ట్యాంకు స్తంభానికి ఆనుకుని, చెవి రికార్డుకు దగ్గరగా పెట్టి, తల వంచి కూర్చుని ఉంది. ఏదో వింటోందనుకుని ఈశ్వరి చప్పుడు చేయకుండా నిలబడింది. పక్కన పెట్టిన విస్తరాకులో సంగటి ముట్టుకోకుండా ఉంది. దానికి చీమలు పట్టాయి. తన ఆకు మీద ఆమె చీమను కూడా వాలనివ్వదు. ఈశ్వరి చెంబు కింద పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బిడ్డ ఒళ్లు చూసి చూసి అలవాటైన చెయ్యి అది. దాని కింద ఊపిరి కదలడం లేదు. ఆ చెయ్యి వెంటనే తీసుకోలేకపోయింది.

హారను తీగ పీకేసి, చుట్ట చుట్టి, పెట్టెలో సర్ది ఉంది. పళ్ళెం ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు. రికార్డు అంచున కొత్తగా సున్నం చుక్క పెట్టి లేదు. ఆ చుక్క ఉండే చోటనే, నవ్వుకు ముందర, ముల్లు దించి ఉంది.