తామర పువ్వు వెనక పెట్రోలు ముల్లు

నేను ఒక ముల్లును. కంగారు పడకండి, గుచ్చుకునే రకం కాదు. కారులో స్టీరింగు వెనక, అద్దం చాటున కూర్చుని, పెట్రోలు ఎంత ఉందో చూపించే ఎర్రటి ముల్లును. పైన నిండు గీత, కింద ఖాళీ గీత. ఆ రెంటి మధ్య జానెడైనా లేని చోట నా బతుకంతా గడిచిపోయింది. ట్యాంకులో తేలే బుడ్డి ఏం చెబితే అది చూపించడమే నా పని. అబద్ధం ఆడాలనుకున్నా నాకు చేతకాదు.

పుట్టింది ఏదో దూరపు కర్మాగారంలో. నాతోపాటు పుట్టిన స్పీడు ముల్లును నా పక్కనే బిగించారు. అందరూ తననే చూస్తారని దానికి మహా మిడిసిపాటు. మమ్మల్నిద్దర్నీ పెట్టిన బండి చిన్న ఎస్‌యూవీ. చూడ్డానికి బుల్లిగా ఉన్నా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, బురదలోనైనా కొండ మీదైనా పాకిపోతుంది. పాకినంతసేపూ పేరు చక్రాలది, కిందికి జారేది మాత్రం నేను.

మొదట నన్ను కొన్నది ఒక కాఫీ వ్యాపారి. ట్యాంకు సగానికి వస్తే చాలు, నింపించేసేవాడు. అక్కడ నాది రాజభోగం. కానీ మనిషి ఒక్కసారైనా నా మొహం చూసిన పాపాన పోలేదు. అన్నీ నిండుగా ఉన్నవాడికి నాతో ఏం పని? కొన్నాళ్ళకి ఆయన ఇంకా పెద్ద బండి కొనుక్కుని, మమ్మల్ని సన్యాసిరావుకి అమ్మేశాడు.

సన్యాసిరావుది లారీలకు పేరుపడ్డ సాలూరు. లారీల మీద పువ్వులూ పిట్టలూ వేసే పెయింటరు. అతని చేతిలో కుంచె ఉంటే ఇనప తలుపు మీద కూడా తామరలు పూసేవి. అయితే లారీల ఊళ్ళో బండి కొన్నవాణ్ణి ముందు అడిగేది యోగక్షేమాలు కాదు.

"ఎంత ఇస్తాది?" అని మొదటి రోజే అడిగాడు బావమరిది సింహాద్రి.

మామూలు కారు చాలని భార్య గౌరి ఎంత మొత్తుకున్నా వినకుండా కొన్నాడేమో, సన్యాసిరావు తడుముకోకుండా, "పద్దెనిమిది!" అనేశాడు.

పదకొండు. నేను లోపలినుంచి చూస్తున్నాను కదా, లీటరుకు పదకొండు కిలోమీటర్లే. ఘాటు రోడ్డెక్కితే అదీ లేదు. అయినా ఆ పద్దెనిమిది వీధంతా తిరిగి, మర్నాటికి టీ కొట్టు దాకా వెళ్ళింది. ఇక దాన్ని వెనక్కి తెచ్చుకోవడం అతని వల్ల కాలేదు. పాపం, ఎన్ని తంటాలు పడ్డాడో! ఎండాకాలంలో ఏసీ కట్టేసి అద్దాలు దించేవాడు. పల్లం కనిపిస్తే న్యూట్రల్లో వదిలేసి, బండి కంటే ముందు తనే ఊపిరి బిగబట్టేవాడు. ఇంట్లోవాళ్ళు లేనప్పుడే బంకుకి వెళ్ళేవాడు. చివరికి ఒకరోజు సన్న కుంచె పట్టుకొచ్చి, నా అద్దం మీద, సరిగ్గా ఖాళీ గీత కనపడకుండా, ఎర్రటి తామర పువ్వు వేశాడు. వంగి రెండు రేకుల సందులోంచి చూస్తేనే నేను కనిపిస్తాను. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. నాకు కోపం రాలేదు. అంత అందమైన ముసుగు ఏ ముల్లుకు దక్కుతుంది?

సింహాద్రికి నాటకాల పిచ్చి. ఏళ్ళ తరబడి భటుడి వేషం వేసి వేసి, ఆ వానాకాలం మొదటిసారి రాజు వేషం దొరికింది. కొండ మీద గుమ్మిడివలసలో సాయంత్రం ఏడింటికి నాటకం. వాన వల్ల ఆలస్యమైందని ఇంట్లోనే ముఖానికి రంగు వేసుకుని, మీసాలు దిద్దుకుని, కిరీటం ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. గౌరి వెనక కూర్చుంది.

కొండ మొదట్లో చివరి బంకు. సన్యాసిరావు రేకుల సందులోంచి నన్ను చూశాడు. నేను అడుగుకి దగ్గర్లో ఉన్నాను. బండి నెమ్మదించింది.

"ఇక్కడెందుకు బావా?" అన్నాడు సింహాద్రి. "పొద్దున్నే గదా అయిదు లీటర్లు పోయించినానన్నావు. పద్దెనిమిది లెక్కన పోయొచ్చీసినా మిగిలిపోతాది."

పొద్దున్న పోయించింది మూడే. సన్యాసిరావు గేరు మార్చి బంకు దాటించేశాడు. నాకు అరవాలనిపించింది. గొంతు లేని పుట్టుక ఎంత నరకమో ఆ రోజే తెలిసింది.

ఘాటు మీద ఎర్రమట్టి జారి రోడ్డంతా బురద. నాలుగు చక్రాలూ పట్టుకుని లాగాయి. నిజం చెప్పాలి, మా బండి ఆ బురదలో ఎక్కుతుంటే నాకూ గర్వంగానే ఉంది. కాని లాగిన ప్రతిసారీ నేను ఇంకాస్త దిగాను. ఆరు కిలోమీటర్లు ఉందనగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

సింహాద్రి దిగి, పంచె ఎగ్గట్టి, బానెట్టు ఎత్తాడు. "ఇంజనే పోయినట్టుంది. సాలూరు నుంచి మెకానిక్కుని రప్పించాలి. అంతసేపు జనం ఉంటారేటి? మొదటిసారి రాజుని చేసినారు బావా, మరి నన్ను పిలవరు." రంగు వేసిన ముఖంలో కళ్ళు తడిశాయి.

సన్యాసిరావు ఊరుకుంటే నెపం ఇంజను మీదికి పోయేది. అప్పుడే నాటకం చూడ్డానికి పోతున్న ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. "ఏటైందండీ?" అన్నాడు దాని మీదున్నతను, సింహాద్రి మీసాల కేసి వింతగా చూస్తూ.

"ఇంజనండీ..." అని సింహాద్రి మొదలుపెట్టాడు.

"ఇంజను కాదు," అన్నాడు సన్యాసిరావు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "పెట్రోలు అయిపోయింది. పద్దెనిమిదీ లేదు, పాడూ లేదు. పదకొండే ఇస్తాది. నేను పోయించింది అయిదు లీటర్లూ కాదు. ఓ సీసాడు పెట్రోలిచ్చి పుణ్యం కట్టుకోండి, మా బావమరిది రాజు వేషం ఏసుకోవాల."

సింహాద్రి నోరు వెళ్ళబెట్టాడు. మోటారు సైకిలు అతను మాత్రం ఏ ఆశ్చర్యమూ లేకుండా ట్యూబు లాగి నీళ్ళ సీసాలోకి పెట్రోలు పట్టాడు. "నాదీ అంతేనండీ. అరవై ఇస్తాదని చెప్తాను, నలభై దాటదు," అన్నాడు.

గౌరి వెనక సీట్లో పకపకా నవ్వింది. "ఆ తామర పువ్వు ఏసిన నాడే అనుకున్నాను మావా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నాను." అని ముందుకు వంగి, గోటితో ఒక్క రేకు గీకేసింది. మొట్టమొదటిసారి ముగ్గురూ నన్ను చూశారు. నేను అడుగునే ఉన్నాను. అయినా అంత దర్జాగా ఎప్పుడూ లేను.

ఆ రాత్రి రాజు సింహాసనం ఎక్కేసరికి జనం ఉన్నారు. ఈలలు నాకు బండిలోకి వినిపించాయి.

ఆ తర్వాత సన్యాసిరావు ఎవరడిగినా పదకొండే అన్నాడు. అడక్కపోయినా అనేవాడు. ఏసీ వేసుకున్నాడు, దారిలో పాటలు పాడుకున్నాడు, బంకు వస్తే గౌరితోనే వెళ్ళాడు. బండి ముసలిదై అమ్మేసిన రోజు అద్దం మీద పువ్వును వేలితో ఒకసారి తడిమి దిగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ముళ్ళకు కన్నీళ్ళుండవు కనుక ఎవరూ చూడలేదు.

ఇప్పుడు విశాఖలో పాత సామాన్ల కొట్టులో, అద్దంతో సహా అరలో ఉన్నాను. ట్యాంకు లేదు, బుడ్డి లేదు, ఖాళీ గీత మీద పడి ఉన్నాను. నిన్న ఒకాయన వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని, "పువ్వు ఎవరు వేశారో గానీ భలే ఉంది. ఒక రేకు చెడిపోయింది, అదే లోటు," అన్నాడు. ఆ పైన అడగనే అడిగాడు: "బండి ఎంత ఇచ్చేదేంటి?"

కొట్టువాడు ఆ బండి నడవగా ఒక్కరోజైనా చూసినవాడు కాడు. తడుముకోకుండా, "పద్దెనిమిది!" అన్నాడు.

ఊడిన రేకు సందులోంచి నేను వాళ్ళిద్దర్నీ చూస్తూనే ఉన్నాను. సన్యాసిరావు అక్కడుంటే బాగుండుననిపించింది.