ఎవరి సాయమూ లేకుండా

అత్తయ్య బట్టలు రోజూ మంచం మీద వరస తిరగేసి పేరుస్తాను. మొదట వేసుకోవాల్సింది పైన, చివర వేసుకోవాల్సింది అడుగున. ఒక్కొక్కటీ చేతికిచ్చి, "ఇది అత్తయ్యా, ఇప్పుడు ఇది" అంటూ ఉంటే తొడుక్కుంటారు. గుండీలు నేనే పెడతాను. ఆవిడ హాల్లోకి రాగానే మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "చూశావా, అమ్మ ఎంత నీటుగా తయారైందో!" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. అలా మండుతూనే బస్సెక్కి పనికి పోతాను.

నా పనీ అత్తయ్యకొచ్చిన జబ్బు మీదే. అల్జైమర్స్ అనే ఈ మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేసే ల్యాబులో ఎలుకల మెదళ్ళను పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూస్తాను. జబ్బున్న మెదడులో ప్రోటీను మచ్చలు మచ్చలుగా గడ్డకట్టి ఉంటుంది. ఆ మచ్చలే మతిమరుపు తెస్తున్నాయా, లేక ఇంకెక్కడో ముందే మొదలైన నష్టానికి ఆనవాళ్ళా అని మా వాళ్ళు ఏళ్ళ తరబడి జుట్టు పీక్కుంటున్నారు. నాకీ పని ప్రాణం. ఇంట్లో మాత్రం, "ఎలుకల మతిమరుపు మీద ఉన్న శ్రద్ధలో సగం మా అమ్మ మీద ఉంటే బాగుణ్ణు" అంటారాయన. ఫోన్లో ఆడపడుచు, "నీకు తెలిసిన జబ్బేగా వదినా, నీకంటే బాగా ఎవరు చూస్తారు!" అని మెచ్చుకుని పెట్టేస్తుంది. ఆ మెచ్చుకోలుకి ఏడవాలో నవ్వాలో తెలియదు.

ఇంతలో ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షకి రోగులను తీసుకుంటున్నారని తెలిసి, అమ్మను చేర్పిద్దామన్నారు మా ఆయన. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళకే ఆ మందు. ముదిరాక ఎక్కిస్తే మేలు సంగతి అటుంచి, మెదడు వాస్తుందేమోనని భయం. అత్తయ్య ఆ దశ దాటిపోయారని నెత్తీనోరూ కొట్టుకున్నాను. "నీ నోట మంచిమాటే రాదా?" అన్నారాయన. "రెండు వారాలకోసారి తీసుకెళ్ళాలట. నువ్వా ఉద్యోగం మానేస్తే సరి. నేనెలాగూ మానలేను కదా." కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అనేశారు. ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. ల్యాబులో చూసిన పొరనే మళ్ళీ మళ్ళీ చూసేదాన్ని.

ఆసుపత్రి గదిలో నర్సు అత్తయ్యను పలకరించి, ఇంట్లో ఆవిడ ఎలా ఉంటారో దగ్గరివాళ్ళు చెప్పాలంది. "కొడుకుని, నేను చెబుతాను" అంటూ ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"బట్టలు ఎవరి సాయమూ లేకుండా వేసుకుంటారా?"

"ఆఁ, శుభ్రంగా."

"స్నానం?"

"రోజూ. తనే చేస్తుంది."

"మాత్రలు?"

"ఠంచనుగా వేసుకుంటుంది."

ఆయన అబద్ధం చెప్పడం లేదు, అదే నన్ను భయపెట్టింది. స్నానాలగది తలుపుకి అవతల ఏం జరుగుతుందో ఆయన ఎన్నడూ చూడలేదు. నా చాకిరీ ఎంత చక్కగా కుదిరిందంటే, జబ్బే కనిపించకుండా పోయింది. స్కానింగులు తర్వాత ఉన్నా, సగం నిర్ణయం ఈ జవాబుల మీదే. నిజం చెబితే ఇంట్లో రాక్షసిని నేనే. చెప్పకపోతే ఆ మందు ఈ పిచ్చితల్లి ఒంట్లోకి ఎక్కుతుంది, నా ఉద్యోగమూ పోతుంది.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నర్సు వైపు తిరిగారు. "ఈ అమ్మాయినడగండి. నాకు స్నానం చేయించేది ఈ అమ్మాయే." నా పేరు ఆవిడ మరిచిపోయి చాలా కాలమైంది.

"అమ్మా, ఊరుకో" అని ఆయన నవ్వారు.

"అత్తయ్య చెప్పిందే నిజం" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. స్నానం, మాత్రలు, తడిసిన పక్కలు, ఆవిడ బయటికి వెళ్ళిపోకుండా వీధి తలుపుకి పెట్టించిన రెండో గడియ, అన్నీ చెప్పేశాను.

ఆయన ముఖం కందగడ్డయింది. "గోరంతని కొండంత చేస్తోంది, మేడమ్. పొద్దున్న కాస్త చెయ్యందిస్తుంది, అంతే. ఇంట్లో ఆడవాళ్ళన్నాక ఆమాత్రం చెయ్యరా?"

ఎవరి మాట రాసుకోవాలో తేలక నర్సు కలం ఆపింది.

మా ల్యాబులో ఇలాంటి తగువుకి ఒక పద్ధతుంది. ఒంట్లో ఒక జన్యువు ఏం పని చేస్తోందో తెలియకపోతే వాదించుకుంటూ కూర్చోం. అది లేని ఎలుకను పెంచి, ఏమేం ఆగిపోతాయో చూస్తాం. ఆ ఆలోచన రాగానే ఇన్నాళ్ళకి నా ప్రాణం కుదుటపడింది.

"ఇద్దరి మాటా రాసుకోకండి" అన్నాను. "ఈ వారం ఈయన సెలవు పెట్టి వాళ్ళమ్మ దగ్గర ఉంటారు. నేను స్నేహితురాలింట్లో ఉండి, అక్కణ్ణుంచే ల్యాబుకి వెళ్తాను. వచ్చే వారం ఇవే ప్రశ్నలు మళ్ళీ ఈయన్నే అడగండి."