చీపురు కింద పెట్టు

నది మా వీధిలోకి వచ్చి వెళ్ళిపోయాక మిగిలినవి బురద, వాసన, మొహమాటం. మొదటి రెండూ కడిగితే పోతాయి. నా పోరంతా మూడోదానితోనే.

నేను దుబాసీని. వరద సహాయ కేంద్రం వాళ్ళు తమ భాషలో అడిగింది మనవాళ్ళకు తెలుగులో చెప్పాలి, మనవాళ్ళు చెప్పింది వాళ్ళకు వినిపించాలి. ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క తగ్గించకూడదన్నది మాకు పెట్టిన నియమం. ఆ రోజు ఇళ్ళు చూసే ఇన్‌స్పెక్టరు వెంట కుట్టుపిన్ని ఇంటికి వెళ్ళాను. బట్టలు కుట్టి బతికే ఆవిడ వీధి మొత్తానికి పిన్నే. బాబాయికి ఉబ్బసం. ఇల్లు పాడైందని తేలితే గోడలు బాగుచేయిస్తారు, అంతదాకా బడి హాల్లో ఉండనిస్తారు. బాగానే ఉందంటే ఆ సాయంత్రమే హాలు ఖాళీ చేసి రావాలి.

తలుపు తీయగానే పని చెడిందని తెలిసిపోయింది. నేల తళతళలాడుతోంది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. అగరొత్తి కూడా వెలిగించారు. పిన్ని కుర్చీని కొంగుతో తుడిచి మరీ వేసింది. బాబాయి మాత్రం లోపలికి రాకుండా బయట మెట్టు మీద కూర్చుని దగ్గుతున్నాడు.

"ఇల్లెలా ఉంది? ఏమైనా ఇబ్బందా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. తెలుగులో చెప్పాను.

"పర్వాలేదు బాబూ. మాకంటే కష్టంలో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు! ముందు వాళ్ళని చూడమను," అంది పిన్ని.

ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాను. ఆయన సంతోషంగా తలూపి తలుపు మీద ఆకుపచ్చ చీటీ అంటించాడు. ఆకుపచ్చ అంటే కాపురం ఉండొచ్చని.

అప్పుడు కనబడింది నాకు, కిటికీ పక్కన ఉండే బీరువా అడ్డగోడకు ఆనుకుని ఉండటం. ఒళ్ళు మండిపోయింది.

"పిన్నీ, బీరువా ఎందుకు జరిపావ్?"

"ఊరుకోవే," అంది గొంతు తగ్గించి. "ఇంటికి పెద్దమనిషి వస్తుంటే ఆ బూజు పట్టిన గోడ చూపించమంటావా? పరువేం కాను?"

"బాబాయికి ఊపిరందకపోతే నీ పరువొచ్చి అందిస్తుందా?"

ఏమిటి గొడవని ఇన్‌స్పెక్టరు అడిగాడు. చెప్పొద్దని పిన్ని కళ్ళతోనే బతిమాలింది. ఒక ముక్క కూడా తగ్గించకూడదన్న నియమం మొదటిసారి నాకు ముద్దొచ్చింది. ఆవిడ అన్నదంతా, పరువుతో సహా, ఆయన చెవిన వేశాను.

"నేను అడిగినప్పుడు పర్వాలేదన్నారుగా?" అన్నాడాయన.

"మావాళ్ళు ఒక్కసారి అడిగితే అన్నం కూడా వద్దంటారండీ. కంచం ముందు పెట్టాలి. మీరు అడగడం మానేసి చూడండి."

ఆయన చేతిలో సామాను కుర్చీలో పెట్టి, బీరువాకు భుజం ఆనించాడు.

"అయ్యయ్యో, నువ్వెందుకు బాబూ!" అంటూ పిన్ని పరుగున వచ్చింది. ఇంటికొచ్చినవాడి చేత బరువు మోయిస్తుందా? ఆయన్ను పక్కకు జరిపి బీరువాను తనే ఒక్క ఊపున తోసేసింది.

గోడ నడుమెత్తు దాకా నల్లగా ఉంది. ఇన్‌స్పెక్టరు వేలు ఆనించగానే పెచ్చు ఊడి నేల మీద పడింది. ఆయన ఆకుపచ్చ చీటీ పీకేసి ఎర్రది అంటించాడు.

"నా పరువు తీశావు కదే," అని పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు.

ఆ కోపంతోనే సాయంత్రం బడి హాల్లో బల్లెక్కాను. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆయన మన అమ్మ కూడా కాదు! ఇన్‌స్పెక్టరు వచ్చేముందు ఎవరైనా ఇల్లు కడిగారని తెలిసిందా, నేనే బురద తెచ్చి పోస్తాను," అని అరిచాను. అందరూ నవ్వారు. పిన్ని ఒక్కతే నవ్వలేదు.

మర్నాడు మా గది వంతు. పైకప్పు ఒకవైపు జారింది, పరుపు నీళ్ళు పీల్చి కంపు కొడుతోంది. అన్నీ ఉన్నవున్నట్టు ఉంచాలనే అనుకున్నాను. కానీ రోజూ నాతో పనిచేసే మనిషి, దుబాసీ ఇల్లు ఇంత రోతగా ఉంటుందా అనుకోడూ? పరుపును మంచం వెనక్కి తోశాను. కనీసం గుమ్మమైనా ఊడుద్దామని చీపురు అందుకున్నాను.

"చీపురు కింద పెట్టు."

ఎప్పుడొచ్చిందో, పిన్ని వాకిట్లో ఉంది.

"గుమ్మం ఒక్కటే పిన్నీ..."

ఆవిడ నా చేతిలోంచి చీపురు లాక్కుని చంకలో పెట్టుకుంది. మంచం వెనక దాచిన పరుపును గది నడిమధ్యకు ఈడ్చుకొచ్చి పడేసింది. ఈలోగా ఇన్‌స్పెక్టరు మెట్లెక్కాడు.

"రా బాబూ, చూడు," అంది పిన్ని తెలుగులోనే. "ఊరందరి కష్టం నీకు చెప్పే పిల్ల హాల్లోకి రాకుండా దీని మీద పడుకుంటోంది. తనది మాత్రం నోరు విప్పి చెప్పుకోదు."

ఆయన నా వైపు తిరిగి ఆగాడు. ఆ మాట ఆయనకు చెప్పాల్సింది నేనే. సిగ్గేసింది. అయినా ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను.