శుక్రవారం కూటంలో నా పేరు

మూడు నెలలుగా నాకు మూత్రం పోసే చోట, తొడల సందున దురద. నేను పనిచేసే చీరల షాపులో కస్టమరు ముందు చీర పరుస్తూ పళ్ళు బిగబట్టేంత దురద. ఎర్రటి పొక్కులు కూడా లేచాయి. డెట్టాల్ నీళ్ళతో కడిగితే ప్రాణం పోయినంత మంట. దిల్‌సుఖ్‌నగర్ మందుల షాపులో అందరూ మగాళ్ళే. అసలు సంగతి చెప్పడానికి నోరు రాక, కాలికి తామర అని చెప్పి ఒక ట్యూబు తెచ్చుకున్నాను. రాసినన్నాళ్ళు తగ్గేది, మానగానే రెండింతలయ్యేది.

మా ఆయన ఆనంద్ కుమార్ ఆ పొక్కులు చూశాడు. నొప్పిగా ఉందా అని అడగలేదు మహానుభావుడు.

"గిది ఏడికెళ్ళి ఒచ్చింది నీకు?" అన్నాడు.

ఏడేళ్ళ కాపురం తర్వాత ఆ మాట! ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. అంతటితో ఆగక వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పాడు.

మా అత్త కిష్టమ్మ ఊరుకునే మనిషా? ప్రతి శుక్రవారం బడంగ్‌పేట్‌లోని మా ఇంట్లోనే ప్రార్థన కూటం. ఒకరు కొడుకు ఉద్యోగం కోసం, ఒకరు షుగరు తగ్గాలని మనవి చెప్పుకుంటారు. ఆ రోజు ఆమె లేచి నిలబడింది.

"మా కోడలు జోస్నాకు చెప్పుకోరాని రోగమొచ్చింది. ప్రభువు దాని పాపం క్షమించాలె."

నేను చాప చివర కూర్చునే ఉన్నాను. మా ఆయనతో సహా అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నారు. నా పక్కనున్నామె కొంగు సర్దుకుని అవతలికి జరిగింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కాసేపటికి ఆ సిగ్గంతా కోపమైంది.

అందరూ వెళ్ళాక ఆయనతో అన్నాను. "రేపు దవాఖానకు పోదాం. నువ్వు గూడ రావాలె."

"నేనెందుకు?"

"ఏడికెళ్ళి ఒచ్చిందని అడిగినవ్ గదా. డాక్టరమ్మ నోటితోనే విందువు, రా."

ఎల్బీనగర్‌లో చర్మం డాక్టరు ఇంద్రాణి గారు. పరదా వెనక చూసి, పొక్కు అంచు కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెట్టారు.

"ఇన్నాళ్ళూ ఏం రాశావమ్మా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ట్యూబు, డెట్టాల్, కాలికని చెప్పి కొనడం, అన్నీ చెప్పాను.

"ఆ ట్యూబే కొంప ముంచింది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, పైకి దురద తగ్గించి లోపల రోగాన్ని పెంచుతుంది. నిజంగానే తామరమ్మా ఇది, ఇంకేం కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఇంట్లో ఎవరి తువ్వాలైనా వాడతావా?"

"ఆయనదే మేడం. ఇద్దరికీ ఒకటే."

ఆవిడ ఆయన వైపు తిరిగారు. "మీకేమైనా దురద ఉందా బాబూ?"

ఆయన నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"ఎండాకాలం సంది ఉన్నది మేడం. తొడలకు."

ఎండాకాలం నుంచి! నాకు మొదలైంది వానలు పడ్డాక. ఛీ, ఈ మనిషి తన రోగం లుంగీ కింద దాచుకుని నన్ను దోషిని చేశాడు.

డాక్టరు గారు ఇద్దరికీ మాత్రలు రాశారు. మెట్లు దిగుతూ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఒచ్చే శుక్రవారం కూటంల నువ్వే లేచి చెప్పాలె. ఇది తామరని, నీ కాడికెళ్ళే నాకొచ్చిందని."

"అందరి ముందట గసొంటి మాట ఎట్ల చెప్తరే?"

"మీ అమ్మ నా పేరు తీసినప్పుడు అందరికంటే గట్టిగ ఆమెన్ అన్నవ్ గదా. గా నోటితోనే చెప్పు."