గాజులు తియ్యను

ఆగిపోయిన పడవను సాయంత్రంలోగా నడిపిస్తే అది నాది, లేదంటే అమ్మేద్దామని మా మరిది వీరేష్ నా దగ్గర మాట తీసుకున్నాడు. కోపంలో నేనూ సరేనన్నాను. నా నోరే నాకు శత్రువు. పొద్దు వాలకముందే వాడు ముదిగుబ్బ షావుకారు బదరీనారాయణను ట్రాక్టరుతో సహా రిజర్వాయరు ఒడ్డుకు తీసుకొచ్చి నిలబెట్టాడు.

రిజర్వాయరు నిండి అవతలి చేలకు దారి మునిగినప్పుడు, పర్యాటకులను తిప్పి తిప్పి పక్కన పడేసిన ఈ పడవను మా ఆయన ఓబన్న కొనుక్కొచ్చాడు. వేరుశనగ కూలీలనూ గొర్రెలనూ దాటించేవాళ్లం. నిరుడు ఆయన పోయాక కూడా నేనే నడిపాను. ఇది పోతే నేను వీరేష్ ఇంట్లో ఒక మూలన పడి ఉండాలి. వాడికి కావలసిందీ అదే.

ఇంజిను పడవ లోపల, వెనక గోడకు ఆనుకొని ఉంటుంది. దాన్ని చల్లబరిచే నీళ్ల పైపుకు గోడ మొదట్లో ఒక ప్లాస్టిక్ ఎల్బో, మోచేయిలా వంగిన ముక్క, ఉంది. పగిలింది అదే. కొత్తది తెప్పించాను. కానీ అక్కడికి చేరాలంటే ఇంజినుకూ దాని చుట్టూ ఉన్న చెక్క పెట్టెకూ మధ్య సందులోంచి చేయి దూర్చాలి. వీరేష్ దూర్చబోయి, చర్మం గీరుకుపోయి తిట్టుకుంటూ లేచాడు. మా అత్త రామక్కకు చేతులు వణుకుతాయి. నా చేయి సన్నం. పోయిందిగానీ గాజుల దగ్గర ఆగిపోయింది.

"గాజులు తీసెయ్ వదినా, అయిపోతాది" అన్నాడు వీరేష్. ఎంత మెత్తగా అన్నాడో!

ఓబన్న కర్మల నాడూ అందరూ ఇదే మాట. పగలగొట్టడానికి రాయి పట్టుకొని కూర్చున్నది మా అత్తే. గాజులు నేను చిన్నప్పుడు పుట్టింట్లోనే వేసుకోవడం మొదలుపెట్టినవి, ఆయన ఇచ్చినవి కావు, ఆయనతో పోవు అన్నాను. ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు ఒక్కసారి తీస్తే మళ్లీ వేసుకోనిస్తారా? వీళ్ల సంగతి నాకు తెలియదూ!

"తియ్యను. ఈ పెట్టెనే కోస్తా" అన్నాను.

వీరేష్ లబోదిబోమన్నాడు. కోసిన పడవను ఎవరూ కొనరట. షావుకారు కూడా తల అడ్డంగా ఊపాడు. అత్త లేచి ఇంటివైపు వెళ్లిపోయింది. ఆమెకూ ఒళ్లు మండిందనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో ఓబన్న రంపం ఉంది. నా ముందు పెట్టి, ఎన్నో ఏళ్లుగా గాజు ఎరగని ఆ చేతులతో చెక్కను అదిమి పట్టుకుంది.

కోశాను. లోపలి చెక్కే, నీళ్లు తగలని చోటు. గాజులతో సహా చేయి దూరింది. పాత ఎల్బో ఊడదీసి కొత్తది బిగించాను. ఒక గాజు చిట్లి మణికట్టు తెగింది. పోతే పోయింది, మిగతావి ఉన్నాయి.

పడవను నీళ్లలోకి తోశాం. ఇంజిను దగ్గి దగ్గి అందుకుంది. ఎల్బో దగ్గర చుక్క కారలేదు. షావుకారు ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

"ఇంత బొక్క పెట్టినాక దీన్ని ఇంక యాడ అమ్మేది?" వీరేష్ పడవ అంచు పట్టుకొని నా మీద అరిచాడు.

అత్త అప్పటికే ఎక్కి కూర్చుంది.

"అమ్మకూడదనే కోసినాము రా. ఎక్కేదుంటే ఎక్కు, లేకుంటే అడ్డం లెయ్" అంది.

వాడు చేయి తీశాడు. నేను పడవను అవతలి ఒడ్డుకు తిప్పాను.